850 మాటల్లో మేనమామ లేడు

ఇంగ్లీషు భాషని ఒక్క కాగితం మీదకి దించేయొచ్చని 1930లో ఒకాయన లోకానికి చెప్పాడు. పేరు సి. కె. ఆగ్డెన్. కేంబ్రిడ్జి మనిషి, పుస్తకాల పిచ్చోడు. అంతకు ఏడేళ్ల ముందు, 1923లో, స్నేహితుడు ఐ. ఎ. రిచర్డ్స్‌తో కలిసి 'ది మీనింగ్ ఆఫ్ మీనింగ్' అనే పుస్తకం రాశాడు. మాటకి అర్థం ఎలా వస్తుందన్నది ఆ పుస్తకం గొడవ. అది రాస్తూ మాటలకి నిర్వచనాలు ఇచ్చుకుంటూ పోతుంటే, ఏ మాటని వివరించాలన్నా అవే కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని ఇద్దరికీ తట్టింది. ఆ కొన్నిటినీ ఏరి పక్కన పెడితే? పెట్టాడు. లెక్క 850 దగ్గర ఆగింది.

దానికి బేసిక్ ఇంగ్లీష్ అని పేరు పెట్టాడు. ఆ పేరులోని ఐదు అక్షరాలకీ ఐదు మాటలు: బ్రిటిష్, అమెరికన్, సైంటిఫిక్, ఇంటర్నేషనల్, కమర్షియల్. ఇంటర్నేషనల్ బస్సెక్కే లోపే రెండు దేశాలు కిటికీ పక్క సీట్ల మీద కర్చీఫులు వేసేసుకున్నాయన్నమాట.

850లో 600 వస్తువులూ విషయాల పేర్లు. 150 విశేషణాలు. మిగిలిన 100 భాషని నడిపించే మాటలు. ఆ వందలో క్రియలు 18 మాత్రమే. ఎంటర్ అనే మాట అక్కర్లేదు, 'గో ఇన్' అంటే సరిపోతుంది. క్లైంబ్ అక్కర్లేదు, 'గో అప్' ఉంది. ఇలా 18 క్రియలకి ఇన్, అప్, ఆఫ్, అవుట్ తగిలిస్తూ పోతే వేల క్రియల పని జరిగిపోతుందని ఆగ్డెన్ వాదన. నాలాంటివాడికి ఇది వినగానే నచ్చేస్తుంది. ప్రాసెసర్‌కి వందలకొద్దీ ఇన్‌స్ట్రక్షన్లు ఇవ్వడం ఎందుకు, కొన్ని చిన్నవి ఇచ్చి వాటినే కలుపుకోమంటే చాలదా అనే ఆలోచన మా రంగంలో 1980లలో పెద్ద విప్లవం. ఆగ్డెన్ దాన్ని యాభై ఏళ్ల ముందే భాష మీద ప్రయోగించాడు.

ఈ భాషకి దేశం ఉండదని అతని ఆశ. షేక్స్‌పియర్ అక్కర్లేదు, డాఫడిల్ పూలు అక్కర్లేదు, లండన్ పొగమంచు అక్కర్లేదు. చైనావాడూ బ్రెజిల్‌వాడూ కలిస్తే ఇద్దరికీ చెందని ఒక శుభ్రమైన గదిలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. వలస పాలన నడుస్తున్న రోజుల్లో ఇది చిన్న ఆశ కాదు. ఇంగ్లీషు నేర్పడమంటే ఇంగ్లండుని నేర్పడమే అనుకునే కాలం అది. మన దగ్గరా అంతే. 'కన్యాశుల్కం'లో గిరీశం దగ్గర వెంకటేశానికి భాష ఎంత వంటబట్టిందో గానీ, దాని చుట్టూ ఉండే పొగ మాత్రం బాగానే పట్టింది. గిరీశం దగ్గర ఇంగ్లీషంటే ముందు ఒక వాలకం, ఆ తర్వాతే భాష. ఆ వాలకాన్ని మొత్తం కడిగేసి, భాషని మాత్రం ఇవ్వాలనుకున్నాడు ఆగ్డెన్.

అయితే ఆ కాగితాన్ని నిఘంటువులా కాకుండా ఒక ఊరి పటంలా చదివి చూడండి. ఈ 850 మాటలే ఉన్న ఊరు ఎలా ఉంటుంది?

ఆ ఊళ్లో చర్చి ఉంది. గుడి లేదు, మసీదు లేదు. మతం అనే మాట ఉంది, దేవుడు అనే మాట లేదు. చీజ్ ఉంది, వెన్న ఉంది, సూప్ ఉంది, వైన్ ఉంది. న్యాయంగా చెప్పాలంటే బియ్యం కూడా ఉంది. మంచు ఉంది, చలికాలం ఉంది, గొడుగు ఉంది. మేజోళ్లు, చేతి తొడుగులు, కాలరు ఉన్నాయి. కెటిల్ ఉంది గానీ టీ లేదు. దాన్ని 'అంతర్జాతీయ పదాలు' అనే వేరే పట్టీలోకి తోశారు. కమిటీ ఉంది, సెక్రటరీ ఉన్నాడు, మేనేజర్ ఉన్నాడు, నౌకరు కూడా ఉన్నాడు. భార్య లేదు. భర్త లేడు. 'పెళ్లయిన' అనే విశేషణం ఉంది కాబట్టి దానికి ఆడ, మగ అని తగిలించుకోవాలి. నౌకరుకి సొంత మాట ఉండి భార్యకి లేని ఊరు ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. 1920లలో ఒక పెళ్లికాని కేంబ్రిడ్జి మేధావి కిటికీలోంచి కనిపించే ఊరు అది.

నాకు ఆ పటంలో ఆసక్తిగా అనిపించిన చోటు చుట్టరికాలు. అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు ఉన్నారు. అక్కడితో కుటుంబం అయిపోతుంది. అంకుల్ లేడు, ఆంటీ లేదు, కజిన్ లేడు. అంకుల్ పోతే పోయాడు, మేనమామనీ బాబాయినీ పెదనాన్ననీ పక్కింటాయననీ ఒకే సంచిలో వేసే ఆ మాట లేకపోతే మనకేం నష్టం అనొచ్చు. నిజానికి ఇక్కడో తమాషా ఉంది. బేసిక్‌లో మేనమామని చెప్పాలంటే 'అమ్మ తోడబుట్టినవాడు' అని విడదీసి చెప్పాలి. అంటే మామూలు ఇంగ్లీషు కలిపేసిన చుట్టరికాన్ని 850 మాటల ఇంగ్లీషే సరిగ్గా చెప్తుంది! ఆగ్డెన్‌కి ఒక మార్కు ఇవ్వాల్సిందే.

కానీ 'అమ్మ తోడబుట్టినవాడు' అంటే పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేవాడని తెలుస్తుందా? మేనరికం అడిగే హక్కున్నవాడని, అడగకపోతే అలిగేవాళ్లు ఇంకొకరున్నారని తెలుస్తుందా? నిర్వచనం ఎవరన్నది చెప్తుంది. ఇంట్లో ఆయన కుర్చీ ఎక్కడ వేస్తారో చెప్పదు.

ఇదేదో నేను ఇప్పుడు కనిపెట్టిన లోపం కాదు. ఆగ్డెన్ స్నేహితుడు రిచర్డ్స్‌కి ఇది చాలా ముందే, చాలా ఘాటుగా ఎదురైంది. ఎదురయ్యాక కూడా ఆయన బేసిక్‌ని వదల్లేదు. ఈ వ్యాసం రాయాలనిపించడానికి కారణం ఆ మనిషే.

సాహిత్యం చదువుకున్నవాళ్లకి రిచర్డ్స్ పేరు 'ప్రాక్టికల్ క్రిటిసిజం' వల్ల తెలుసు. 1929లో వచ్చింది. కేంబ్రిడ్జి విద్యార్థులకి కవి పేరు చెప్పకుండా పద్యాలిచ్చి, మీకేం అర్థమైందో రాయమన్నాడు. వాళ్లు రాసినవి ఏరి, మనుషులు పద్యాన్ని ఎన్ని రకాలుగా తప్పుగా చదవగలరో జాబితా వేశాడు. ఇంగ్లీషే మాతృభాషగా ఉన్నవాళ్లు, దేశంలో పేరున్న విశ్వవిద్యాలయంలో చేరినవాళ్లు, పద్యం మొదటి అర్థమే పట్టుకోలేకపోయారు. ఆ పుస్తకం వచ్చిన ఏడాదే ఆయన చైనా వెళ్లి పెకింగ్‌లోని చింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలుపెట్టాడు.

అక్కడ థామస్ హార్డీ నవల 'టెస్' పాఠం చెప్పాడు. కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: టెస్ ఒక పల్లెటూరి పేదింటి పిల్ల. ఒక డబ్బున్నవాడు ఆమెని పాడుచేస్తాడు. తర్వాత ప్రేమించి పెళ్లాడినవాడు ఆ సంగతి తెలిసి వదిలేసి పోతాడు. చివరికి ఆమె మొదటివాణ్ని చంపుతుంది, ఆమెని ఉరి తీస్తారు. జైలు మీద నల్ల జెండా పైకి లేవడంతో కథ ముగుస్తుంది. ఇంగ్లీషు పాఠకులు కన్నీళ్లు పెట్టుకునే చోటు.

రిచర్డ్స్ ఆ చోటు చదివి వినిపించగానే క్లాసు చప్పట్లు కొట్టింది.

ఎందుకని అడిగితే వచ్చిన జవాబు: మొదట్లోనే ఆ పిల్ల తండ్రి పట్ల అమర్యాదగా ఉంది. ఇంత పెద్ద రచయిత దానికి తగిన శిక్ష ఎప్పుడు వేస్తాడా అని ఎదురుచూస్తూ ఉన్నాం. ఆఖర్న వేశాడు.

రిచర్డ్స్ గురించి రాసేవాళ్లు తరచూ చెప్పే కథ ఇది. సాధారణంగా నవ్వుకోవడానికి చెప్తారు. పాపం, చైనా పిల్లలకి అర్థం కాలేదు అని. నాకు అనుమానం వచ్చి నవల మొదటి అధ్యాయాలు మళ్లీ తీశాను. తండ్రి తప్పతాగి, తనది గొప్ప వంశమని తెలిసిన మత్తు కూడా తోడై, బండెక్కి పాడుకుంటూ వీధిలో పోతుంటాడు. తోటి పిల్లలు నవ్వుతారు. ఆయన్ని ఏమైనా అన్నారంటే మీతో అడుగు కూడా వెయ్యనని టెస్ వాళ్లకి ఎదురు తిరుగుతుంది. అంటే బయట తండ్రిని వెనకేసుకొచ్చింది. ఇంటికొచ్చాక మాత్రం తల్లితో, సిగ్గుతో భూమిలోకి కుంగిపోవాలనిపించిందని అంటుంది. నేను మొదటిసారి చదివినప్పుడు ఆ ముక్క నా కళ్లకి ఆనలేదు. తాగుబోతు తండ్రి మీద విసుక్కోవడం మామూలే అనుకుని పేజీ తిప్పేశానేమో. చైనా విద్యార్థులకి అది ఆనింది. వాళ్లు పుస్తకంలో లేనిది చదవలేదు. ఉన్నదానికే, మనం వేయనంత బరువు వేశారు.

కాబట్టి ఇది ఇంగ్లీషు రాకపోవడం కాదు. వాళ్ల దగ్గర మాటలన్నీ ఉన్నాయి, వాక్యాలు అర్థమయ్యాయి. తండ్రి అన్న మాట దగ్గరే ఇద్దరి దారీ వేరైపోయింది. ఆ మాట ఆగ్డెన్ 850లోనూ ఉంది. సిగ్గు అన్న మాట కూడా ఉంది. అతి తేలిక మాటలు, మొదటి పాఠంలో వచ్చే మాటలు. బొమ్మ చూపించి నేర్పేస్తాం. 'ఫాదర్' అని మీసాల బొమ్మ వేస్తాం. ఆ బొమ్మ పక్కన ఎవరి దేశం ఎంత బరువు పెడుతుందో మాత్రం వెయ్యలేం.

ఇక్కడి నుంచి మామూలు మనిషైతే ఒక దారి పడతాడు: భాష కంటే ముందు సంస్కృతి నేర్పాలి అంటాడు. రిచర్డ్స్ ఒకేసారి రెండు దారులు పట్టాడు, అవి ఒకదానికొకటి ఎదురు దారులు. 1932లో 'మెన్షియస్ ఆన్ ది మైండ్' అని ఒక పుస్తకం వేశాడు. తనకి చైనీస్ పెద్దగా రాదు. చైనా పండితుల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రాచీన తత్వవేత్త మెన్షియస్ మాటల్ని ఒక్కొక్కటే తిరగేసి, వీటికి ఇంగ్లీషులో ఒక్క మాట పెట్టగానే అవతలివాడి ఆలోచన జారిపోయి మన ఆలోచన వచ్చి కూర్చుంటుందని ఓపిగ్గా చూపించాడు. అదే మనిషి అదే కాలంలో, 850 మాటలతో చైనాకి ఇంగ్లీషు నేర్పేయొచ్చని నమ్మి దశాబ్దాలు దానికే ధారపోశాడు. 1936లో మళ్లీ పెకింగ్ వెళ్లి, అక్కడి సంస్థ ద్వారా బేసిక్‌ని బడుల్లోకి తేవాలని ప్రభుత్వంతో మాట్లాడాడు. పని ఒక కొలిక్కి వస్తోందనుకునేసరికి 1937 జూలైలో జపాన్ దాడి మొదలైంది. విశ్వవిద్యాలయాలు మూటాముల్లె సర్దుకుని దక్షిణానికి, పడమటికి తరలిపోయాయి. రిచర్డ్స్ శిష్యుడు, కవి విలియం ఎంప్సన్ ఆ కాందిశీక విశ్వవిద్యాలయంలో పుస్తకాల్లేక, జ్ఞాపకం ఉన్న పద్యాలు టైపు చేసి పాఠాలు చెప్పాడు.

రిచర్డ్స్‌లోని ఈ రెండు మనుషుల్ని కలపడానికి కొందరు ప్రయత్నిస్తారు. టెస్ క్లాసులో తిన్న దెబ్బ వల్లనే, అర్థాలు ఇంత జారుడుగా ఉన్నప్పుడు కనీసం కింద కొన్ని గట్టి రాళ్లు వేద్దామని బేసిక్ పట్టుకున్నాడని. బాగానే ఉంది. కానీ 'తండ్రి' కంటే గట్టి రాయి ఏముంటుంది? అదే కదా జారింది.

బేసిక్‌తో గొడవపడ్డవాళ్లలో నాకు బాగా నచ్చినాయన మైకేల్ వెస్ట్. ఈయన కేంబ్రిడ్జిలో కాదు, ఢాకాలో తేలాడు. 1912లో మన దేశానికి విద్యాశాఖ ఉద్యోగిగా వచ్చి, బెంగాల్లో టీచర్లకి శిక్షణ ఇచ్చే కాలేజీ నడిపాడు. 1926లో ఆయన రాసిన 'బైలింగ్వలిజం' అనే పుస్తకాన్ని భారత ప్రభుత్వమే కలకత్తాలో అచ్చువేసింది. అందులో ఒక ప్రశ్న నన్ను ఆపేసింది. ఇంగ్లీషు పాఠ్యక్రమం అంతా చివరిదాకా చదివేవాడి కోసం రాసి ఉంది. కానీ బెంగాలీ పిల్లల్లో ఎక్కువమంది మధ్యలోనే బడి మానేస్తున్నారు. మానేసిన రోజున వాడి చేతికి ఏం వస్తుంది?

దీనికి ఆయన ఇన్సూరెన్సు వాళ్ల మాట వాడాడు: సరెండర్ వాల్యూ. మన ఇళ్లల్లో ఎల్ఐసీ ఏజెంటుని చూసినవాళ్లందరికీ తెలిసిన మాట. పాలసీ మధ్యలో ఆపేస్తే చేతికొచ్చే సొమ్ము. మూడేళ్లు ఇంగ్లీషు చదివి మానేసినవాడికి సున్నా వస్తోందంటే తప్పు వాడిది కాదు, పాలసీ రాసినవాడిదని వెస్ట్ లెక్క. కాబట్టి మాట్లాడటం పక్కన పెట్టి ముందు చదవడం నేర్పుదాం, అది త్వరగా వస్తుంది, ఏ ఏడాది మానేసినా అంతవరకు చదువుకునే పుస్తకాలైనా మిగులుతాయి అన్నాడు. పాత వాచకాల్లోని కావ్య భాష తీసేసి, ఆ చోట రోజూ వాడే మాటలు పెట్టి, కొత్త మాటలు పేజీకి ఇన్నని సమంగా పంచుతూ వాచకాలు తయారుచేశాడు.

నాకిది నచ్చడానికి కారణం ప్రశ్న మొదలైన చోటు. ఆగ్డెన్ ప్రశ్న భాష దగ్గర మొదలైంది: ఎన్ని మాటలుంటే ప్రపంచమంతా చెప్పొచ్చు? వెస్ట్ ప్రశ్న వెనక బెంచీ దగ్గర మొదలైంది: వచ్చే ఏడు రానివాడికి ఏం మిగులుతుంది? వలస ప్రభుత్వ ఉద్యోగి అయినంతమాత్రాన వెనక బెంచీ కనపడకూడదని లేదు. బెంగాలీ పిల్లాణ్ని ఇంగ్లీషువాడిగా మార్చడం ఆయన పని కాదు. వాడికి లోకజ్ఞానం చదువుకునే దారి వేయడం పని. 1934లో తోటివాళ్లతో కలిసి బేసిక్ మీద విమర్శ అచ్చేశాడు. ఆగ్డెన్ మరుసటి ఏడాదే 'కౌంటర్ అఫెన్సివ్' అనే పేరుతో ఎదురుదాడి పుస్తకం దించాడు. ఇద్దరూ పద పట్టికల మనుషులే అయినా పాళీలు దూసుకున్నారు. విమర్శకుల వాదన సారాంశం మనకి అనుభవమే: 'పుట్', 'అప్', 'విత్' అనే మూడు మాటలూ వచ్చినవాడికి 'పుట్ అప్ విత్' అంటే భరించడమని ఎలా తెలుస్తుంది? పట్టిక చిన్నదైంది, బరువు తగ్గలేదు. నా ఇన్‌స్ట్రక్షన్ సెట్ పోలిక కూడా ఇక్కడే చెడుతుంది. ప్రాసెసర్‌లో రెండు ఆదేశాలు కలిస్తే మూడో అర్థం పుట్టదు. భాషలో పుడుతుంది. 1953లో వెస్ట్ సరిచేసి వేసిన పట్టికలో సుమారు రెండు వేల మాటలున్నాయి. భార్య, భర్త, దేవుడు తిరిగొచ్చారు. అంకుల్ కూడా.

ఈలోగా బేసిక్‌కి పెద్ద పోషకుడు దొరికాడు. 1943 సెప్టెంబరు 6న హార్వర్డులో మాట్లాడుతూ చర్చిల్ దాన్ని ఆకాశానికెత్తాడు. ఇక ముందు సామ్రాజ్యాలు మనసుల్లో కట్టుకోవాల్సిందేనన్న ధోరణిలో సాగిన ప్రసంగం అది. దేశం లేని భాష అని మొదలైనదాని మీద దేశం వచ్చి ముద్ర వేసింది. మంత్రుల కమిటీ వేశారు. యుద్ధం అయ్యాక ప్రభుత్వం ఆగ్డెన్ దగ్గర హక్కులు కొనుక్కుంది. అప్పటి నుంచి బేసిక్ నెమ్మదిగా చల్లారిపోయింది. ప్రభుత్వం కొనుక్కున్నాక చల్లారడం గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో రూజ్‌వెల్ట్ చర్చిల్‌కి రాసిన ఉత్తరంలో ఒక వెక్కిరింత ఉంది. రక్తం, శ్రమ, కన్నీళ్లు, చెమట తప్ప ఇంకేమీ ఇవ్వలేనని చర్చిల్ 1940లో అన్నాడు కదా, దాన్నే బేసిక్‌లో చెప్పాల్సి వస్తే రక్తం, పని, కంటి నీరు, ముఖపు నీరు అని చెప్పుకోవాలి, అప్పుడు ఎవరు కదిలేవారు అని. ఇంగ్లీషువాళ్లు ఇప్పటికీ దీన్ని బేసిక్ చచ్చిపోయిన క్షణంగా చెప్పుకుంటారు. కంటి నీరట! ఎంత మొద్దు భాష!

ఒక్క నిమిషం ఆగండి. కంటి నీరు అంటే కన్నీరు. మనం పుట్టినప్పటి నుంచి అంటున్నది అదే. కన్ను, నీరు. రెండూ బొమ్మ వేసి నేర్పగల మాటలు. మన పాటలన్నీ, పద్యాలన్నీ, అమ్మమ్మల సణుగుళ్లన్నీ ఆ జోడు మాట మీద నడిచాయి. తమిళానికీ కన్నడానికీ కూడా అంతే. రూజ్‌వెల్ట్‌కి నవ్వొచ్చింది ఆ జోడు మాట వెనక అతనికి ఎవరి ఏడుపూ గుర్తు రాలేదు కాబట్టి. ఇన్నాళ్లూ బేసిక్ మాటలు తక్కువై ఓడిపోయిందని చదువుతూ వచ్చాను. నాకలా అనిపించడం లేదు. కన్నీరుకి ఉన్నదీ, కంటి నీరుకి లేనిదీ మాటల సంఖ్య కాదు. ఆ మాటతో ఏడ్చినవాళ్లు.

ఇది సిద్ధాంతంగా కాక ఒక క్లాసులో తెలిసింది నాకు. నేను అప్పట్లో పనిచేస్తున్న కంపెనీలో, శనివారాలు దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పే కార్యక్రమం ఉండేది. స్లైడ్లు తయారుగా ఇచ్చేవాళ్లు. ఒక వారం 'దేశాలు, సంస్కృతులు'. దేశానికో స్లైడు, స్లైడుకి నాలుగు బుల్లెట్లు. జపాన్ వాళ్లు వంగి నమస్కరిస్తారు. జర్మన్లకి టైమంటే టైమే. బ్రిటిష్‌వాళ్లు క్యూలో నిలబడి వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. పిల్లలు హాయిగా రాసుకున్నారు, ఎవరికీ ఏ అనుమానం రాలేదు. ఆఖర్న ఇండియా స్లైడు వచ్చింది. నమస్తే, యోగా, చేత్తో తినడం, ఉమ్మడి కుటుంబం. కింద ఒక ఎక్సర్‌సైజు: దీన్ని ఆధారం చేసుకుని మీ దేశం గురించి ఐదు వాక్యాలు రాయండి.

వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచి, "సార్, మాది ఉమ్మడి కుటుంబం కాదు. మా అమ్మ, అమ్మమ్మ, నేను. అంతే. మా ఇంటి గురించి రాస్తే తప్పవుతుందా?" అంది.

తప్పవదమ్మా, నీ ఇల్లే రాయి అన్నాను. రాసింది. వాళ్లమ్మ పొద్దున్నే ఐదింటికి పనికి వెళ్తుందని, అమ్మమ్మ తనకి జడ వేస్తుందని, అమ్మమ్మకి ఒక కన్ను కనపడదు కాబట్టి జడ వంకరగా వస్తుందని. ఆ ఇంగ్లీషుకి 850 మాటలు కూడా అక్కర్లేదు. అమ్మమ్మ దగ్గర మాత్రం గ్రాండ్‌మదర్ అని రాయలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో 'అమ్మమ్మ' అనే రాసింది, మూడుసార్లు. నేను దాని కింద గీత పెట్టలేదు.

ఆ స్లైడ్ల మీద నాకు కోపం లేదు. ఎవరో మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు. కానీ జర్మనీ స్లైడు దగ్గర ఎవరూ ఎందుకు లేవలేదు? ఆ గదిలో జర్మన్ ఎవరూ లేరు కాబట్టి. అక్కడా ఆలస్యంగా వచ్చేవాడు ఉంటాడు, ఇంట్లో ముగ్గురే ఉన్న అమ్మాయి ఉంటుంది. దేశాన్ని నాలుగు బుల్లెట్లు చెయ్యడమూ, దేశాలన్నిటినీ 850 మాటల్లోంచి తీసెయ్యడమూ ఎదురెదురు పనుల్లా కనిపిస్తాయి గానీ రెండూ ఒకే పని. ఫైలు సైజు తగ్గించడం. తగ్గించినప్పుడు ముందు పోయేది వంకర జడే.

అలాగని చిన్న పట్టిక ఎక్కడా పనికిరాదనను. విమానాల మరమ్మతు పుస్తకాలు 1980ల నుంచి ఇలాంటి కట్టుదిట్టమైన, ఒక మాటకి ఒకే అర్థం ఉండే ఇంగ్లీషులోనే రాస్తున్నారు. బాగా పనిచేస్తోంది. స్క్రూ తిప్పమంటే తూలూజ్‌లోనూ శంషాబాద్‌లోనూ ఒకేలా తిప్పుతారు, ఎందుకంటే ఇద్దరి ముందూ ఉన్నది ఒకటే స్క్రూ. నేను రోజూ ఆఫీసులో రాసే డాక్యుమెంట్లు కూడా ఆ కోవలోవే. వస్తువు ఇద్దరి మధ్యా ఉంటే మాటలు తక్కువైనా పర్లేదు. తండ్రి అలా ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టే వస్తువు కాదు.

అమెరికా ఈ చిక్కుని ఇంకోలా విప్పుకుంది. 1959 అక్టోబరు 19న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 'స్పెషల్ ఇంగ్లీష్' మొదలుపెట్టింది. 1500 మాటలు, చిన్న వాక్యాలు, మామూలు వేగంలో మూడింట రెండు వంతులు. దేశం లేనట్టు నటించడం లేదు అక్కడ. ఆ నెమ్మది గొంతు అమెరికా చరిత్రని, అమెరికా కథల్ని, అమెరికా పలుకుబడుల పుట్టుకని వారాల తరబడి చెప్పింది. ప్రచారమే, దాచుకోలేదు కూడా. మన హైదరాబాదులో అంతకు ముందు ఏడాది, 1958లో, టీచర్లకి ఇంగ్లీషు నేర్పే పద్ధతులు చెప్పడానికి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. ఇప్పటి ఇఫ్లూ అదే. దానికీ అమెరికా ఫోర్డ్ ఫౌండేషన్, బ్రిటిష్ కౌన్సిల్ చేయూతనిచ్చాయి. ఎవరి దేశాన్ని ఎవరు నేర్పాలన్నది ఎప్పుడూ డబ్బుతో కూడిన ప్రశ్నే. నాకు వ్యక్తిగతంగా ఆగ్డెన్ శుభ్రమైన గది కంటే ఈ రేడియో మేలనిపిస్తుంది. ఫలానా దేశం మాట్లాడుతోందని తెలిసి వింటున్నప్పుడు కనీసం మనసులో ఎదురు చెప్పుకోవచ్చు. ఎవరిదీ కాని గదిలో ఎదురు చెప్పడానికి ఎవరూ ఉండరు.

ఆగ్డెన్ 1957లో పోయాడు. రిచర్డ్స్ మాత్రం చైనాని వదల్లేదు. 1979లో, ఎనభై ఆరో ఏట, అక్కడి నుంచి పిలుపు రాగానే బయల్దేరాడు. డాక్టర్లు వద్దనే వయసది. ఊరూరా ఉపన్యాసాలిస్తూ చింగ్‌దావ్‌లో జబ్బుపడ్డాడు. ఇంగ్లండు తీసుకొచ్చారు, సెప్టెంబరులో కేంబ్రిడ్జిలో కన్నుమూశాడు. ఆ తర్వాత మూడేళ్లకి, 1982లో, చైనా జాతీయ టెలివిజన్ 'ఫాలో మీ' అనే బీబీసీ ఇంగ్లీషు పాఠాలు మొదలుపెట్టింది. క్యాథీ ఫ్లవర్ అనే బ్రిటిష్ టీచరు తెర మీద కనిపించి పాఠం చెప్పేది. వెనక బ్రిటిష్ వంటిళ్లు, దుకాణాలు, రైల్వే స్టేషన్లు. చైనాలో కోట్లమంది టీవీల ముందు కూర్చుని ఆ మాటలతో పాటు ఆ వంటిళ్లనీ చూశారు.